పెద్దవాళ్ల బ్యాలెన్స్‌ను పరీక్షించే పద్ధతి: రిహాబ్‌లో మొదటి రోజు నుంచి మళ్లీ పరీక్షించే రోజు దాకా

తుంటి ఎముక ఆపరేషన్ అయినా, మోకాలు మార్పిడి అయినా, పక్షవాతం నుంచి తేరుకుంటున్నా, నెల రోజులు ఆసుపత్రి మంచానికే అంటిపెట్టుకుని ఇంటికొచ్చినా కుటుంబం అడిగేది ఒకటే: "మా అమ్మ ఒక్కతే బాత్రూమ్‌కి వెళ్లొచ్చా?" దీనికి చూపులతో అంచనా వేసి జవాబు చెప్పకూడదు. ఒక వరుసలో పరీక్షించి, రాసుకుని చెప్పాలి.

కొత్తగా ప్రాక్టీసులోకి వచ్చిన ఫిజియోలూ, ఇంట్లో పెద్దవాళ్లను చూసుకుంటున్నవాళ్లూ ఈ పద్ధతి గురించి పదేపదే అడుగుతున్నారు. ఇది ఇద్దరి కోసం. ఫిజియో మాత్రమే చేయాల్సిన పరీక్షల దగ్గర ఆ విషయం స్పష్టంగా రాశాను. వాటిని ఇంట్లో సొంతంగా ప్రయత్నించకండి.

చదివేటప్పుడు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. చివర వచ్చే స్కోరు కన్నా ఆ మనిషి ఏ క్షణంలో, ఏ వైపుకి, ఎందుకు తూలారన్నదే మనకు ఎక్కువ పనికొస్తుంది. రేపు ఏ వ్యాయామం ఇవ్వాలో చెప్పేది అదే.

## 1. ఈ రోజు పరీక్షించవచ్చా?

ముందు ఈ జాబితా చూడండి. ఇందులో ఒక్కటి ఉన్నా పరీక్ష ఆపేసి డాక్టర్‌తో మాట్లాడాలి.

- ఛాతీలో నొప్పి, కూర్చున్నా ఆయాసం
- కూర్చుని ఉండగానే బీపీ 180/110 దాటడం, లేదా పై అంకె 90 కన్నా తక్కువ ఉండటం
- షుగర్ 70 కన్నా తక్కువ ఉండటం, చెమటలు, వణుకు
- జ్వరం, విరేచనాలు, రాత్రంతా నిద్ర లేకపోవడం
- ఆపరేషన్ అయిన కాలు మీద ఎంత బరువు మోపవచ్చో సర్జన్ ఇంకా చెప్పకపోవడం

ఉన్నట్టుండి తూలడం మొదలై, దాంతోపాటు మాట ముద్దగా రావడం, మూతి వంకర పోవడం, ఒక వైపు చెయ్యీకాలూ పట్టు తప్పడం, ఒకటి రెండుగా కనిపించడం ఉంటే అది బ్యాలెన్స్ పరీక్షకు సమయం కాదు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇంకొకటి చాలామంది పట్టించుకోరు. రక్తం పలచబడే మందులు వాడుతున్న పెద్దాయన రెండు మూడు వారాల కింద తలకు దెబ్బ తగిలేలా పడ్డారు. అప్పుడు బాగానే ఉన్నారు. ఇప్పుడు మత్తుగా ఉంటున్నారు, నడక రోజురోజుకీ పాడవుతోంది. తల లోపల నెమ్మదిగా రక్తం చేరుతుండవచ్చు. ముందు స్కాన్, ఆ తర్వాతే ఫిజియోథెరపీ.

## 2. గది, కుర్చీ, బట్టలు

ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. కానీ ఉన్నవి సరిగ్గా ఉండాలి.

- చేతులున్న కుర్చీ ఒకటి, చేతులు లేనిది ఒకటి. ఎత్తు 43 నుంచి 46 సెంటీమీటర్లు
- సెకన్లు చూపే స్టాప్‌వాచ్ (ఫోన్‌లోది చాలు)
- కొలత టేపు, నేల మీద అంటించడానికి రంగు టేపు
- బీపీ మెషీన్
- గోడకు అంటించిన స్కేలు
- గట్టిగా ఉండే చిన్న మెట్టు పీట
- గెయిట్ బెల్ట్ (తూలితే పట్టుకోవడానికి పరీక్షించే మనిషి నడుముకు కట్టే వెడల్పు బెల్ట్)

మన ఇళ్లలో కనిపించే ప్లాస్టిక్ కుర్చీ తేలిగ్గా ఉంటుంది. పెద్దవాళ్లు వెనక్కి కూర్చున్నప్పుడు నున్నటి టైల్స్ మీద జారిపోతుంది. కుర్చీ ఏదైనా దాని వీపు గోడకు ఆనించే పెట్టండి. సోఫా, మంచం అంచు పరీక్షకు పనికిరావు. వాటిలో నడుము దిగబడిపోతుంది, లెక్క తప్పుతుంది.

నేల పొడిగా ఉండాలి. డోర్‌మ్యాట్లు, చాపలు, ఫోన్ ఛార్జర్ వైర్లు తీసేయండి. ఫ్యాన్ గాలికి పేపర్లు కాళ్ల కిందికి వస్తాయి, అదీ చూసుకోండి. టీవీ ఆపేయమనండి. మనవళ్లను పక్క గదిలోకి పంపమని అడగడానికి మొహమాటపడకండి.

బట్టల సంగతి. చీర కుచ్చిళ్లు పాదాల మీద పడుతుంటే చీలమండలు మనకు కనిపించవు, ఆమెకూ అడ్డం. కాస్త పైకి దోపుకోమని ఇంట్లో ఆడవాళ్ల చేత చెప్పించండి. లుంగీ బదులు పైజామా మేలు. పంచె అయితే బిగించి కట్టుకోవాలి.

చెప్పుల విషయంలో నియమం ఇది: ఇంట్లో ఎలా తిరుగుతారో అలాగే పరీక్షించండి. వట్టి కాళ్లతో తిరిగేవాళ్లను వట్టి కాళ్లతోనే, చెప్పులు వేసుకునేవాళ్లను ఆ చెప్పులతోనే. ఏది వాడారో రాసుకోండి, తర్వాతి సారి అదే వాడండి. అరిగిపోయిన హవాయి చెప్పులు అయితే మాత్రం వాటితో పరీక్షించకండి. వాటిని మార్చమని చెప్పడం మీ మొదటి సలహా.

కళ్లజోడు, చెవి మెషీన్ ఉంటే పెట్టుకోవాలి. సూచన వినిపించక తప్పు చేస్తే దాన్ని బ్యాలెన్స్ లోపంగా రాసేస్తాం.

## 3. పడ్డ సంగతి రాబట్టడం

"ఈ మధ్య ఎప్పుడైనా పడ్డారా?" అని అడిగితే ఎక్కువమంది "లేదు" అంటారు. పడ్డామని చెబితే బయటకు వెళ్లనివ్వరని భయం. కొడుకు ముందు చెప్పడం నామోషీ. అందుకే ఒకే ప్రశ్నను నాలుగు రకాలుగా అడగాలి.

- గత ఏడాదిలో నేల మీదికి వచ్చిన సందర్భం ఏదైనా ఉందా, చిన్నదైనా సరే?
- కాలు జారి గోడో, తలుపో, ఎవరి చెయ్యో పట్టుకుని ఆగారా?
- నిలబడ్డప్పుడు, నడుస్తున్నప్పుడు నిలకడ లేనట్టు అనిపిస్తుందా?
- పడతానేమో అన్న భయంతో మానేసిన పనులు ఏమున్నాయి? గుడికి వెళ్లడం, మేడ ఎక్కడం, ఒక్కరే స్నానం చేయడం?

అవును అంటే ఇంకా లోపలికి వెళ్లండి. ఏ వేళప్పుడు? ఎక్కడ? ఏం చేస్తూ? ముందు కళ్లు తిరిగాయా, లేక కాలు తట్టుకుందా? పడ్డాక సొంతంగా లేవగలిగారా? తెల్లవారుజామున మూత్రానికి లేచి పడ్డవాళ్ల కథ వేరు, పట్టపగలు గడప తట్టుకుని పడ్డవాళ్ల కథ వేరు. మొదటివాళ్లకు బీపీ, మందులు చూడాలి. రెండోవాళ్లకు కాలు ఎత్తే బలం, చూపు చూడాలి.

మందుల చీటీ తప్పక అడగండి. నిద్రమాత్రలు, బీపీ మందులు, ప్రోస్టేట్ కోసం వాడే టామ్సులోసిన్ లాంటివి, షుగర్ మాత్రలు, ఫిట్స్ మందులు, మానసిక వ్యాధుల మందులు బ్యాలెన్స్‌ను దెబ్బతీయగలవు. మీరు మందు మార్చకండి, ఆపమని చెప్పకండి. రాసి డాక్టర్‌కు పంపండి.

ఈ మాటలు పెద్దవాళ్లతో ఒంటరిగా మాట్లాడటం మంచిది. తర్వాత ఇంట్లోవాళ్లను విడిగా అడగండి. రెండు కథలూ కలవకపోతే అది కూడా ఒక సమాచారమే.

## 4. నిలబెట్టక ముందే చూడాల్సినవి

బీపీ. 5 నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి చూడండి. తర్వాత నిలబెట్టి 1 నిమిషానికి, 3 నిమిషాలకు చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోయినా, అంకెలు బాగానే ఉన్నా కళ్లు బైర్లు కమ్మినా, డాక్టర్‌కు చెప్పాలి. ఈ ఒక్క పని వదిలేసి వ్యాయామాలు మొదలుపెట్టేవాళ్లు ఎంతోమంది ఉన్నారు. లేచినప్పుడల్లా బీపీ పడిపోయే మనిషికి తొడ కండరాల వ్యాయామం ఎంత చేయించినా ఆ పడటం ఆగదు.

పాదాలు. చెప్పులు, సాక్సులు తీయించి చూడండి. పుండ్లు, ఆనెలు, మడమ పగుళ్లు, వంగిన వేళ్లు, పెరిగిన గోళ్లు ఉన్నాయేమో గమనించండి. షుగర్ ఉన్నవాళ్లకు 10 గ్రాముల మోనోఫిలమెంట్‌తో (పాదానికి ఆనించి చూసే సన్నటి నైలాన్ పోగు) స్పర్శ, 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌తో (కొడితే కంపించే లోహపు కడ్డీ) బొటనవేలి దగ్గర కంపనం తెలుస్తోందో లేదో చూడండి. "దూది మీద నడుస్తున్నట్టుంది" అని వాళ్లే చెబితే పాదాల స్పర్శ తగ్గిందని దాదాపు తేలిపోయినట్టే.

కీళ్లు, బలం. చీలమండ పైకి ఎంత వంగుతుంది, మోకాలు పూర్తిగా చాపగలరా, తుంటిని పక్కకు ఎత్తగలరా. మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్లకు ఎంత నొప్పి ఉందో 10కి అడిగి రాసుకోండి. నొప్పి వల్ల ఆగిపోయారా, నిలకడ లేక ఆగిపోయారా అన్నది ఆ తర్వాత తేల్చుకోవాలి కదా.

తల తిరుగుడు. మంచంలో పక్కకు ఒత్తిగిల్లినప్పుడు గది గిర్రున తిరిగి కొన్ని సెకన్లలో తగ్గిపోతుంటే లోపలి చెవి సమస్య కావచ్చు. తలను ఒక పక్కకు తిప్పి చప్పున వెనక్కి పడుకోబెట్టి చూసే డిక్స్-హాల్‌పైక్ పరీక్ష తెలిసిన ఫిజియో లేదా ఈఎన్‌టీ డాక్టర్ చూడాలి. మెడ ఎముకల సమస్య ఉన్నవాళ్లకు ఆ పరీక్ష తొందరపడి చేయకూడదు.

## 5. మీరు ఎక్కడ నిలబడాలి?

చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ పరీక్ష నిజమైనదా కాదా అన్నది ఇక్కడే తేలిపోతుంది.

మనిషికి పక్కగా, కాస్త వెనకగా, బలహీనంగా ఉన్న వైపు నిలబడండి. ఒక పాదం ముందుకు, ఒకటి వెనక్కి. ఒక చెయ్యి గెయిట్ బెల్ట్‌కు దగ్గరగా, రెండోది భుజానికి ముందు. చేతులు సిద్ధంగా ఉండాలి, ఒంటికి మాత్రం తగలకూడదు.

మనకు టెన్షన్ ఎక్కువై ముందే మోచెయ్యి పట్టేసుకుంటాం. మన వేళ్లు తేలిగ్గా తగిలినా చాలు, పెద్దవాళ్ల ఊగిసలాట తగ్గిపోతుంది. అప్పుడు మనం కొలిచేది వాళ్ల బ్యాలెన్స్‌ను కాదు, మన చేతిని. కాస్త తూలనివ్వండి. తూలాక వాళ్లు ఏం చేస్తున్నారో చూడండి: చీలమండల దగ్గరే సర్దుకున్నారా, నడుము వంచి ఆపుకున్నారా, ఒక అడుగు వేశారా, ఏమీ చేయలేక కొయ్యబారి పక్కకు ఒరిగారా? ఈ చివరిదే అన్నిటికన్నా ప్రమాదకరం.

చొక్కా, జాకెట్టు, చీర కొంగు పట్టుకుని ఆపకండి. చేతిని పట్టి లాగకండి, భుజం కీలు జారుతుంది. నడుము దగ్గర పట్టుకోవాలి. ఇంటి దగ్గర పరీక్షిస్తుంటే రెండో మనిషిని ముందు నిలబెట్టండి. మగ ఫిజియో ఆడవాళ్లను పరీక్షించేటప్పుడు ఎక్కడ పట్టుకోవాల్సి రావచ్చో ముందే చెప్పి అనుమతి తీసుకోండి, కూతురో కోడలో గదిలో ఉండేలా చూడండి.

మొదలుపెట్టే ముందు ఈ మాట చెప్పండి: "అమ్మా, నేను పక్కనే ఉన్నాను. మీరు తూలితే పట్టుకుంటాను. కానీ ముందే పట్టుకోను. ఎక్కడ ఇబ్బందిగా ఉన్నా ఆపేద్దాం అనండి."

## 6. పరీక్షల వరుస

తేలిక నుంచి కష్టానికి వెళ్లాలి. ఒక మెట్టులో ఆగిపోయినవాళ్లను తర్వాతి మెట్టుకు లాగకండి. మధ్యలో 1 – 2 నిమిషాలు కూర్చోబెట్టండి, మంచినీళ్లు ఇవ్వండి.

### 6.1 కూర్చున్నప్పుడు

పాదాలు నేలకు ఆని, వీపు కుర్చీకి ఆనకుండా 2 నిమిషాలు కూర్చోమనండి. తర్వాత ముందుకు, రెండు పక్కలకు చెయ్యి చాపి మీ అరచేతిని తాకమనండి. పక్షవాతం వచ్చినవాళ్లు చాలాసార్లు ఇక్కడే ఒక వైపుకి ఒరిగిపోతారు. కూర్చుని నిలవలేనివాళ్లకు ఈ రోజు ఇంతే చాలు.

### 6.2 కుర్చీలోంచి 30 సెకన్లు

చేతులు లేని కుర్చీ మధ్యలో కూర్చోవాలి. చేతులు ఛాతీ మీద అడ్డంగా, అరచేతులు ఎదుటి భుజాల మీద. "లేవండి" అనగానే పూర్తిగా నిటారుగా లేచి మళ్లీ పూర్తిగా కూర్చోవాలి. 30 సెకన్లలో ఎన్నిసార్లో లెక్కపెట్టండి. సమయం అయిపోయేసరికి సగానికి పైగా లేచి ఉంటే దాన్నీ ఒకటిగా కలపండి. చేతులు వాడితే స్కోరు 0.

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ పట్టిక ప్రకారం ఇంతకన్నా తక్కువ వస్తే ఆ వయసుకు తక్కువ కిందే లెక్క:

- 65–69 ఏళ్లు: మగవాళ్లకు 12, ఆడవాళ్లకు 11
- 70–74: మగవాళ్లకు 12, ఆడవాళ్లకు 10
- 75–79: మగవాళ్లకు 11, ఆడవాళ్లకు 10
- 80–84: మగవాళ్లకు 10, ఆడవాళ్లకు 9

0 వచ్చిందని రాసి ఊరుకోకండి. చేతులు ఆనించుకుని ఎన్నిసార్లు లేవగలరో విడిగా రాయండి. నాలుగు వారాల తర్వాత మార్పు ముందుగా కనిపించేది అక్కడే.

### 6.3 నాలుగు దశల నిలకడ

కళ్లు తెరిచి, కర్ర లేకుండా, ఒక్కో భంగిమ 10 సెకన్లు. పాదాలు పెట్టేటప్పుడు మీరు పట్టుకోవచ్చు. కుదురుకున్నాక వదిలి వాచ్ నొక్కండి. చేతులు కదిలించుకోవచ్చు, పాదాలు కదలకూడదు.

1. రెండు పాదాలూ పక్కపక్కన
2. ఒక పాదం మడమ పక్కన రెండో పాదం బొటనవేలు తగిలేలా కాస్త ముందు వెనకలుగా
3. ఒక పాదం ముందు ఒకటి, మడమకు బొటనవేలు తగిలేలా ఒకే గీత మీద. దీన్నే టాండెమ్ అంటారు
4. ఒంటి కాలి మీద

మూడోది 10 సెకన్లు నిలవలేకపోతే పడే ప్రమాదం ఎక్కువని అర్థం. ఏ కాలు ముందు పెట్టారో రాయండి. ఒకసారి కుడి, ఇంకోసారి ఎడమ పెడితే రెండు పరీక్షలను పోల్చలేం.

### 6.4 కళ్లు మూసి, మెత్తటి ప్యాడ్ మీద (ఫిజియో మాత్రమే)

గట్టి నేల మీద కళ్లు తెరిచి, గట్టి నేల మీద కళ్లు మూసి, దట్టమైన ఫోమ్ ప్యాడ్ మీద కళ్లు తెరిచి, ప్యాడ్ మీద కళ్లు మూసి. ఒక్కోటి 30 సెకన్లు. పరుపు ముక్క పెట్టి ఇదే పరీక్ష అనుకోకండి, ప్యాడ్ మారితే ఫలితం మారుతుంది.

గట్టి నేల మీద కళ్లు మూయగానే తూలితే పాదాలు, కీళ్ల నుంచి వచ్చే సమాచారం తగ్గిందని అనుమానించాలి. గట్టి నేల మీద బాగానే ఉండి ప్యాడ్ మీద కళ్లు మూసినప్పుడే పడబోతే లోపలి చెవి వైపు చూడాలి. సబ్బు నురగ కోసం కళ్లు మూసుకుని తల స్నానం చేస్తూ పడిపోయేవాళ్లలో చాలామంది మొదటి రకం. వాళ్లకు స్నానానికి స్టూలు వెంటనే కావాలి, వ్యాయామాలతో బాగుపడే దాకా ఆగకూడదు.

### 6.5 ముందుకు చెయ్యి చాపడం

గోడకు పక్కగా, గోడను తాకకుండా నిలబడి, చెయ్యి భుజం ఎత్తుకు చాపి, పిడికిలి బిగించమనండి. పిడికిలి మెటికల స్థానం స్కేలు మీద చూసుకుని, అడుగు వేయకుండా ఎంత ముందుకు వెళ్లగలరో చూడండి. 25 సెంటీమీటర్లు దాటితే మంచిది. 15 కన్నా తక్కువైతే ప్రమాదం ఎక్కువ. భుజం నొప్పి ఉన్నవాళ్లకు ఇది వదిలేయండి. నడుము తిప్పి చెయ్యి పొడుగు చేసుకోవడం ఇక్కడ మామూలే, గమనించి సరిచేయండి.

### 6.6 టగ్: లేచి నడిచి వచ్చి కూర్చోవడం

కుర్చీ నుంచి 3 మీటర్ల దూరంలో రంగు టేపు అంటించండి. చేతులున్న కుర్చీ. వాకరో కర్రో వాడేవాళ్లు దాన్ని వాడవచ్చు.

ఇలా చెప్పండి: "నేను 'పదండి' అనగానే లేచి, మీరు రోజూ నడిచే వేగంతోనే ఆ గీత దాకా వెళ్లి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోండి. పరుగేం అక్కర్లేదు." ఒకసారి వాచ్ లేకుండా చేయించండి. రెండోసారి "పదండి" అన్నప్పుడు నొక్కి, వచ్చి కూర్చున్నాక ఆపండి.

12 సెకన్లు, ఆ పైన అయితే పడే ప్రమాదం ఉన్నట్టు సీడీసీ లెక్క. తుంటి విరిగి వాకర్‌తో నడిచేవాళ్లు దాదాపు అందరూ అంతకన్నా ఎక్కువ తీసుకుంటారు. వాళ్లకు ఈ అంకె వాళ్లతో వాళ్లనే పోల్చడానికి. అలాగే 12 కన్నా తక్కువ వచ్చిందని "ఇక పడరు" అని భరోసా ఇవ్వకండి, ఈ ఒక్క పరీక్షకు అంత శక్తి లేదు.

సెకన్లకన్నా ఎక్కువగా ఇవి చూడండి:

- మొదటిసారికే లేచారా, రెండు మూడు ఊపులు కావాల్సి వచ్చాయా?
- లేచిన వెంటనే ఒక క్షణం ఆగి కుదురుకున్నారా?
- తిరిగేటప్పుడు ఎన్ని అడుగులు వేశారు? పాదాలు నేలకు అతుక్కుపోయాయా?
- కూర్చోబోయే ముందు కుర్చీ చేతుల కోసం వెతికారా, చూడకుండా కూలబడ్డారా?

తర్వాత ఇంకోసారి, ఈసారి మాట్లాడిస్తూ. చదువుకున్నవాళ్ల చేత 100 నుంచి మూడేసి తగ్గిస్తూ లెక్కపెట్టించండి. లేనివాళ్లను కూరగాయల పేర్లు చెప్పమనండి, లేదా చైత్రం నుంచి తెలుగు నెలలు. మాట కోసం నడక ఆగిపోతున్నా, నడక బాగా నెమ్మదించినా, ఇంట్లోవాళ్లకు ఒక సూచన ఇవ్వాలి: ఆయన నడుస్తున్నప్పుడు వెనక నుంచి పిలవకండి, నడుస్తూ ఫోన్ మాట్లాడనివ్వకండి.

### 6.7 బెర్గ్, మినీ-బెస్ట్ (ఫిజియో మాత్రమే)

ఈ రెండూ రకరకాల పనులు చేయించి బ్యాలెన్స్‌కు మార్కులు వేసే పరీక్షలు. బెర్గ్ స్కేలులో 14 అంశాలు, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 56. 45 కన్నా తక్కువ వస్తే జాగ్రత్తపడాలని వాడుకలో ఉన్న గీత. అయితే 46 వచ్చినవారు భద్రం, 44 వచ్చినవారు ప్రమాదం అని కత్తిరించి చెప్పలేం. రెండు స్కోర్ల మధ్య తటపటాయిస్తే తక్కువదే వేయాలి.

బాగా నడుస్తున్నవాళ్లకు బెర్గ్‌లో 54, 55 వచ్చేస్తాయి, అయినా పడుతుంటారు. అలాంటివాళ్లకు మినీ-బెస్ట్ మేలు. 14 అంశాలు, 28 మార్కులు. తోసినప్పుడు ఎలా స్పందిస్తారో కూడా అందులో ఉంటుంది. ఆ తోసే భాగం శిక్షణ లేనివాళ్లు ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు.

తుంటి మార్పిడి అయి, 90 డిగ్రీలు దాటి వంగవద్దని సర్జన్ చెప్పినవాళ్లకు నేల మీది వస్తువు తీయమనే అంశం చేయించకండి. చేయించలేదని, ఎందుకని చేయించలేదని రాయండి.

## 7. ఆ ఇంట్లో, ఆ పనుల్లో

క్లినిక్‌లో బాగా చేసి ఇంట్లో పడేవాళ్లు ఉంటారు. టైల్స్ వేసిన సమతలం మీద పరీక్షించి, గడపలున్న ఇంటికి పంపేస్తున్నాం మరి. వీలైతే ఒకసారి ఇంటికి వెళ్లండి. వీలుకాకపోతే ఇంట్లోవాళ్లను ఫోన్‌లో వీడియో తీయమనండి, మనిషి మొత్తం, పాదాలతో సహా కనిపించేలా.

- గడప దాటేటప్పుడు ఏ కాలు ముందు వేస్తున్నారు, ఏం పట్టుకుంటున్నారు?
- చెంబుతో నీళ్లు పట్టుకుని వంటింటి నుంచి హాల్లోకి రాగలరా? నీళ్లు ఒలికాయా?
- బాత్రూమ్‌లో కాలు పెట్టే చోట మెట్టు ఉందా? పట్టుకునేది టవల్ రాడ్‌నేనా? అది మనిషి బరువు ఆపదు.
- పూజ గదిలో కింద కూర్చుని లేవగలరా? దేని ఊతతో? (సర్జన్ ఒప్పుకుంటేనే)
- రాత్రి మంచం నుంచి బాత్రూమ్ దాకా ఎన్ని అడుగులు? మధ్యలో స్విచ్ ఎక్కడుంది?
- మెట్లు దిగేటప్పుడు పైకీ కిందికీ రెండు పవర్లున్న కళ్లజోడు పెట్టుకుంటున్నారా? కింది అద్దంలోంచి మెట్టు అంచు మసకగా కనిపిస్తుంది.

చెంబు పరీక్ష నాకు చాలా నచ్చుతుంది. రెండు చేతులూ ఖాళీగా ఉన్నప్పుడు కనిపించని తూలు అక్కడ బయటపడుతుంది. గ్లాసు కాకుండా చెంబే ఎందుకంటే వాళ్లకు రోజూ అలవాటైన బరువు అది.

## 8. అంకెల వెనక కారణం

లేవడమే కష్టం, నిలబడ్డాక పర్వాలేదు: తొడ, పిరుదు కండరాల బలం. కుర్చీ ఎత్తు పెంచి మొదలుపెట్టండి, నెమ్మదిగా తగ్గించండి.

తిరిగేటప్పుడే తడబాటు, చిన్న చిన్న అడుగులు: పార్కిన్సన్స్ ఉందేమో న్యూరాలజిస్టు చూడాలి. ఇప్పటికే మందు వాడుతుంటే, మందు వేసుకున్న ఎంతసేపటికి పరీక్షించారో తప్పక రాయండి. మందు పనిచేస్తున్నప్పుడు ఒక మనిషి, తగ్గిపోయాక ఇంకో మనిషి.

ఒక వైపుకే ఒరగడం: ఆపరేషన్ కాలు మీద బరువు వేయడానికి భయమా, బలం లేకా, లేక ఆ వైపు ధ్యాసే లేకా? పక్షవాతం తర్వాత మూడోది ఉంటే చికిత్స తీరు పూర్తిగా వేరు.

పరీక్షలన్నీ బాగున్నాయి, గడప దాటడం లేదు: ఇది భయం. ఎఫ్‌ఈఎస్-ఐ అనే 16 ప్రశ్నల పత్రంతో ఏ పనులకు ఎంత భయమో కొలవవచ్చు, 16 నుంచి 64 దాకా స్కోరు. "ఏం కాదులే" అని కొట్టిపారేస్తే భయం తగ్గదు. భయపడే పనినే మన పక్కన ఉండి చిన్న ముక్కలుగా చేయించాలి. దీనికి కుటుంబం సాయం కావాలి. "కదలకు, పడతావు" అని రోజూ వినే మనిషి కదలడం మానేస్తారు, కదలకపోతే కండ కరుగుతుంది, అప్పుడు నిజంగానే పడతారు.

## 9. తరచూ జరిగే పొరపాట్లు

పరీక్ష మధ్యలో "శభాష్, ఇంకా ఇంకా" అని హుషారు చేయడం. మొదటిసారి అనకుండా, రెండోసారి అంటే స్కోరు పెరుగుతుంది. రెండుసార్లూ ఒకే మాటలు వాడండి. మాటలను కాగితం మీద రాసి పెట్టుకోవడం మంచిది.

కొడుకో కోడలో పక్క నుంచి సూచనలివ్వడం. "అత్తయ్యా, గట్టిగా నిలబడండి" అనగానే ఆమె తల అటు తిప్పుతుంది, తూలుతుంది. ముందే మర్యాదగా చెప్పి కాస్త దూరంగా కూర్చోబెట్టండి.

అన్ని పరీక్షలూ ఒకే రోజు. అలసట వచ్చాక వచ్చే స్కోరు బ్యాలెన్స్‌ది కాదు. మొదటి రోజు మాటలు, బీపీ, కుర్చీ, నాలుగు దశలు, టగ్ చాలు. బెర్గ్ రెండో రోజు.

వేళ మారడం. మొదటిసారి ఉదయం పది గంటలకు, రెండోసారి భోజనం చేసి కునుకు తీసి లేచాక చేస్తే ఏం పోలుస్తాం? అదే వేళ, అదే కుర్చీ, అదే చెప్పు, అదే కర్ర.

రెండు మార్కులు పెరిగాయని సంబరపడటం. బెర్గ్‌లో మొదటి స్కోరు 45–56 మధ్య ఉంటే కనీసం 4, 35–44 అయితే 5, 25–34 అయితే 7, 24 లోపు అయితే 5 మార్కులు మారితేనే నిజమైన మార్పు అనుకోవచ్చు. అంతకన్నా తక్కువ తేడా కొలతలో ఊగిసలాట కావచ్చు.

## 10. రాసుకోవడం, మళ్లీ పరీక్షించడం

"బ్యాలెన్స్ పూర్, ఇంప్రూవింగ్" అని రాస్తే తర్వాత చూసేవాళ్లకు ఏమీ తెలియదు. ఒక నమూనా ఇస్తున్నాను.

> 72 ఏళ్ల మహిళ. కుడి తుంటి ఆపరేషన్ అయి 8 వారాలు. సమయం ఉదయం 10:30. బీపీ పడుకుని 138/82, నిలబడ్డ 1 నిమిషానికి 130/80, 3 నిమిషాలకు 132/80, తల తిరగలేదు. కుర్చీ ఎత్తు 44 సెం.మీ., వట్టి కాళ్లు. 30 సెకన్ల కుర్చీ: 0, చేతుల ఊతతో 6. నాలుగు దశలు: 10, 10, 3 సెకన్లు (ఎడమ పాదం ముందు, కుడికి తూలారు, అడుగు వేసి ఆపుకున్నారు), ఒంటి కాలు చేయించలేదు. టగ్: వాకర్‌తో 24 సెకన్లు, తిరగడానికి 7 అడుగులు, కుర్చీ చూడకుండా కూలబడ్డారు. భయం: బాత్రూమ్ తడి నేల.

ఇది చదివితే రేపు ఏం చేయించాలో తెలుస్తుంది: కుడి కాలి మీద బరువు మోపడం, తిరగడం, కూర్చునే ముందు రెండు కాళ్ల వెనక భాగం కుర్చీకి తగిలేదాకా వెనక్కి జరగడం. బాత్రూమ్‌లో గోడకు గ్రాబ్ బార్ (మనిషి బరువు ఆపే పట్టుకునే కడ్డీ), కింద జారని మ్యాట్ ఈ వారమే పెట్టించాలి. ఆమె ఒక్కరే బాత్రూమ్‌కి వెళ్లొచ్చా అంటే, ఇంకా వద్దు. పక్కన మనిషి ఉండాలి, తలుపు గడియ వేయకూడదు. కుటుంబానికి ఈ జవాబు మాటల్లో చెప్పి వదిలేయకుండా తెలుగులో రాసివ్వండి, మంచం పక్కన అంటించుకుంటారు.

మళ్లీ పరీక్ష సాధారణంగా 4 వారాలకు. ఈలోగా మళ్లీ పడినా, కొత్త మందు మొదలైనా, ఆసుపత్రిలో ఉండి వచ్చినా, వాకర్ నుంచి కర్రకు మార్చాలనుకున్నా గడువు కోసం ఆగకండి. పడుకోబెట్టి బీపీ చూడటం దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి.